ఉండిపోతాననడానికి రుజువులు

మనుషులు ఒకరి మాట ఒకరు నమ్మడం మొదలుపెడితే ఈ లోకం మూడు రోజుల్లో ఆగిపోతుందని నా దృఢాభిప్రాయం. ఈ మాట కోపంతో అనడం లేదు, కృతజ్ఞతతో అంటున్నాను. ఐదున్నరేళ్ళపాటు ఒక ప్రభుత్వం నా మాట నమ్మలేదు. నేను అంత మంచివాడిగా, అంత హాయిగా బతికిన కాలం ఇంకొకటి లేదు.

అనుమానం గురించి మీరంతా చెడ్డగా విని ఉంటారు. ఆ అపోహను తొలగించడానికే ఈ నాలుగు ముక్కలూ రాస్తున్నాను.

నా పేరు క్రిసాంతో బలింగిత్. పుట్టింది ఫిలిప్పీన్స్‌లోని పంపాంగాలో. ఉంటున్నది కెనడా మైదానాల నడుమ బ్రాన్‌వెల్ అనే ఊళ్ళో. ఊరి మొదట్లో ఉన్న బోర్డు మీద జనాభా వెయ్యీ నూట నలభై అని రాసి ఉంటుంది. ఆ బోర్డు రాసినవాడు కూడా ఊరొదిలి పోయి చాలా కాలమైంది. నేను పప్పు మిల్లులో మెకానిక్‌ని. ఎర్రపప్పు పొట్టు తీసే యంత్రాలు మొరాయిస్తే వాటి నాడి చూసేది నేనే. ఆ పప్పు ఓడలెక్కి ఇండియా దాకా పోతుంది. అక్కడే స్థిరపడతావా అని దాన్నెవరూ అడగరు.

నన్ను అడిగారు.

మా రాష్ట్రంలో ఒక పథకం ఉంది. చేతిలో పనితనం ఉన్నవాళ్ళు ఈ ప్రాంతానికి కావాలి గనక, రాష్ట్రమే మనల్ని ఎంచుకుని, ఇతను మాకు కావలసినవాడు అని పెద్ద ప్రభుత్వానికి సిఫారసు చేస్తుంది. దాన్నే నామినేషన్ అంటారు. అది వస్తే శాశ్వత నివాసం కార్డు దాదాపు వచ్చినట్టే. షరతులు పెద్దగా ఏమీ లేవు. పాయింట్లుండాలి, ఉద్యోగముండాలి, ఇంగ్లీషు రావాలి. ఇవి కాక చిన్న సంగతి ఒకటి: ఈ రాష్ట్రంలోనే ఉండిపోవాలనే ఉద్దేశం మనసులో నిజంగా ఉండాలి.

కార్డు వచ్చాక మాత్రం దేశంలో ఎక్కడైనా ఉండొచ్చు. అది చట్టం. అంటే వెళ్ళిపోయే హక్కు చేతికొచ్చేదాకా వెళ్ళనని ఒట్టేస్తూ ఉండాలి. ఎంత అందంగా ఉందో చూశారా! ఇది ఆలోచించిన బుర్రకు నేను ఇప్పటికీ నమస్కారం పెడతాను.

నా నిజాయితీ గురించి కూడా ఇక్కడే చెప్పేస్తాను, తర్వాత మీరు నొచ్చుకోకూడదు. నేను మొదటి రోజునుంచీ వెళ్ళిపోదామనే అనుకున్నాను. కాల్గరీలో మా పిన్ని కొడుకు ఎఫ్రెన్ ఉన్నాడు. వాడి ఇంటి కింద గది ఖాళీగా ఉంది. ఆ వీధి చివర మా దేశపు రొట్టెలు పొద్దున్నే వేడివేడిగా అమ్మే దుకాణం ఉంది. ఇంకేం కావాలి మనిషికి? కార్డు రావాలి, ట్రక్కు మాట్లాడుకోవాలి, సామాను వేసుకోవాలి. నా నలభై మూడేళ్ళ జీవితంలో అంత స్పష్టంగా ఉన్న ఆలోచన అదొక్కటే.

కనక దరఖాస్తులో, ఇక్కడ ఎందుకు స్థిరపడదలచుకున్నారు అన్న చోట నాలుగు పేజీలు రాశాను. విశాలమైన ఆకాశం గురించి రాశాను. నిశ్శబ్దం గురించి రాశాను. ఇరుగుపొరుగుల ఆప్యాయత గురించి రాశాను. ముఖ్యంగా చలికాలం గురించి రాశాను. మైనస్ ముప్పై నాలుగులో ముక్కులో వెంట్రుకలు గడ్డకడుతున్నప్పుడు కలిగే ఆధ్యాత్మిక ప్రశాంతత అనే మాట నాదే. ఇప్పుడు ఈ ఊళ్ళో చాలామంది వాడుతున్నారు.

నేనెవరినీ తప్పు పట్టను. మంచి రచన నలుగురికీ ఉపయోగపడాలి. మా మిల్లులో ఒలుమిడే అని నైజీరియా ఆయన ఉండేవాడు. నా నాలుగు పేజీలూ తీసుకుని, పేరు మార్చి, తొందరలో ఊరు మార్చడం మరిచిపోయాడు. లాగోస్‌లో పుట్టి పెరిగిన ఆ పెద్దమనిషి, పంపాంగా వరిచేలలో గడిచిన తన బాల్యాన్ని తలుచుకుని కన్నీళ్ళు పెట్టుకున్నాడు. ఆయనకు నామినేషన్ నాకన్నా ముందు వచ్చింది.

ఇలా నాలుగు పేజీలతో పోయేదే, ఇంతలో రెనాటో వచ్చి అసలు సంగతి చెప్పాడు. రెనాటో నాతోపాటు మిల్లులోనే పని చేస్తాడు. మా దేశం వాడే. నాకన్నా పదేళ్ళు చిన్నవాడు, కూయా, అంటే అన్నయ్యా, అని పిలుస్తాడు.

"కూయా, రాస్తే సరిపోదంట. రుజువు చూపించాలంట" అన్నాడు.

"ఏం రుజువు?"

"ఊళ్ళోవాళ్ళతో కలిసిపోయినట్టు. మా వదిన తమ్ముడు కర్లింగ్ ఆడుతున్న ఫొటో పెట్టాడంట, ఎవరో పెద్దావిడ చేత ఉత్తరం రాయించాడంట. రెండు నెలల్లో వచ్చేసింది."

"ఏ ఫారంలో ఉంది ఆ మాట?"

"ఏ ఫారంలోనూ లేదు. అదే కదా తిరకాసు."

ఆలోచించండి. ఫారంలో ఉన్న నియమానికి ఒక హద్దు ఉంటుంది. మూడు కాగితాలు అడిగితే మూడు ఇస్తాం, ఇంటికొచ్చి పడుకుంటాం. ఏ ఫారంలోనూ లేని నియమానికి హద్దేముంది? ఎన్ని ఫొటోలు చాలు? ఎంత మంచితనం చాలు? ఎవరికీ తెలియదు. కనక ఎంత చేస్తే అంత మంచిదనుకున్నాం.

అలా బ్రాన్‌వెల్‌లో మంచితనం అంటువ్యాధిలా వ్యాపించింది.

కర్లింగ్ అనే ఆట మీరు చూశారో లేదో. మంచు మీద ఒక పెద్ద బండరాయిని జారవిడిచి, దాని ముందు చీపుళ్ళతో ఊడ్చుకుంటూ పరిగెత్తాలి. పదహారు మంది ఆడుతున్నాం. అందులో పద్నాలుగు మందికి ఫైలు నడుస్తోంది. మిగిలిన ఇద్దరిలో ఒకాయన మంచు పరిచేవాడు, ఇంకొకాయన దగ్గర తాళంచెవి ఉంటుంది. బండ ఎటు పోతోందో ఎవరికీ పట్టదు. ఊడుస్తున్నప్పుడు మొహం కెమెరా వైపు ఉందా లేదా, అదే ముఖ్యం.

ఊరి మ్యూజియం వారానికి రెండు గంటలు తెరుస్తారు. అక్కడ వివరాలు చెప్పడానికి ఐదుగురం స్వచ్ఛందంగా చేరాం. చూడడానికి ఎవరూ రారు. అందుకని ఒకరికొకరం వివరాలు చెప్పుకునేవాళ్ళం. ఈ ఊరి మొదటి నాగలి ఎవరిదో నేను నిద్రలో లేపి అడిగినా చెబుతాను.

కోతలయ్యాక చర్చివాళ్ళు ఊరందరికీ భోజనాలు పెడతారు. గరిటె పట్టుకుని వడ్డించడానికి పదకొండు మందిమి వరసగా నిలబడ్డాం. తినడానికి వచ్చిన ముసలాయన ఒక్క ఆలుగడ్డ కోసం పదకొండు నమస్కారాలు అందుకున్నాడు. ఆ తర్వాత ఏడాది ఆయన రాలేదు.

నేను కాథలిక్కుని. అయినా మా చర్చిలోనే కాక ఉక్రేనియన్ చర్చిలోనూ, మరో చర్చిలోనూ పాటల బృందంలో చేరాను. నా ఫైలు దేవుడి దగ్గర ఏ విభాగంలో ఉందో తెలియనప్పుడు, తెలివైనవాడు అన్ని కిటికీల దగ్గరా నిలబడతాడు.

ఇప్పుడు చెప్పండి, నమ్మకం వల్ల ఇంత మంచి జరుగుతుందా? ఈ ఊళ్ళో పుట్టినవాళ్ళను చూడండి. పుట్టుకతోనే వాళ్ళను నమ్మేశారు. నువ్వు ఇక్కడే ఉంటావా అని వాళ్ళనెవరూ అడగలేదు, నాలుగు పేజీలు రాయమనలేదు. ఫలితం ఏమైంది? పద్దెనిమిదేళ్ళు నిండిన మర్నాడే కారెక్కి పోయారు. మా ఉద్దేశం మారింది అని ఒక చిన్న కాగితం కూడా ఎవరికీ ఇచ్చి పోలేదు. నమ్మితే మనుషులు ఇలాగే తయారవుతారు.

ఇక మిసెస్ మెల్నిచుక్ దగ్గరికొద్దాం.

పెర్ల్ మెల్నిచుక్‌కి అప్పుడు ఎనభై ఒకటి. ముప్పై ఒక్కేళ్ళు ఈ ఊరి పోస్టాఫీసు నడిపింది. భర్త పోయాడు, పిల్లలు లేరు. కాగితం మీద ఆవిడ సంతకం పడితే దానికి ఒక బరువు వస్తుందని మా అందరి నమ్మకం. కనక ఆవిడ ఇంటి ముందు కారు వచ్చే దారి, ముప్పై అడుగుల సిమెంటు, ఆ చలికాలం బ్రాన్‌వెల్‌లో అన్నిటికన్నా గిరాకీ ఉన్న స్థలమైపోయింది. మంచు పడగానే ఎవరు ముందు పార పట్టుకెళితే వాళ్ళది.

నేను ఉదయం ఆరింటికి వెళితే రెనాటో ఐదున్నరకు వచ్చి పోయి ఉండేవాడు. నేను ఐదున్నరకు వెళితే వాడు ఐదింటికి. మిల్లులో మాత్రం ఇద్దరం ఏమీ ఎరగనట్టు ఒకరి టీ ఒకరికి అందించుకునేవాళ్ళం. ఆవిడ పాపం ఎప్పుడు తలుపు తీసినా దారి అద్దంలా ఉండేది. చలికాలమంతా తన ఇంటి ముందు మంచు పడిందన్న సంగతే తెలియకుండా గడిచిపోయిందేమో.

ఒక శనివారం మిల్లులో బెల్టు తెగి, దాన్ని అతికించేసరికి ఆలస్యమై, ఏడింటికి వెళ్ళాను. రెనాటో నాకి పెట్టినట్టు తీసేసి పోయాడు. నేను పార పట్టుకుని నిలబడ్డాను. మే నెలాఖరుకు నా వర్క్ పర్మిట్ అయిపోతుంది. నామినేషన్ రాకపోతే సామాను సర్దుకుని ఇంటికి పోవాల్సిందే. ఉత్తరం ఇంకా చేతికి రాలేదు. ఉత్తరం అడగాలంటే ముందు మంచు తియ్యాలి. మంచు లేదు.

అటూ ఇటూ చూశాను. వీధిలో పురుగు లేదు.

పక్కనున్న గడ్డి మీద మోకాలెత్తు మంచు పోగుపడి ఉంది. ఒక పారెడు ఎత్తి దారి మీద వేశాను. ఇంకో పారెడు. మొదలుపెట్టాక పని బాగా చెయ్యాలిగా? అంచుల దగ్గర పల్చగా, నడుమ ఒత్తుగా, ఆకాశం నుంచి పడినట్టే పరిచాను. ముప్పావు గంట పట్టింది. తర్వాత దాన్ని తియ్యడం మొదలుపెట్టాను. ఆవిడకు వినబడాలని గట్టిగా రొప్పాను కూడా.

సగం తీశాక తలెత్తితే కిటికీలో మిసెస్ మెల్నిచుక్. చేతిలో టీ కప్పు. కప్పులోంచి ఆవిరి రావడం లేదు. అంటే ఆవిడ అక్కడ నిలబడి చాలాసేపయిందన్నమాట.

తలుపు తెరుచుకుంది.

"అయిపోయిందా క్రిస్, ఇంకా తెచ్చి పోసేదేమైనా ఉందా?"

"గాలికి వచ్చి పడింది, మిసెస్ మెల్నిచుక్."

"గాలి చేతికి పార ఎవరిచ్చారో?"

నేను పారను వీపు వెనక్కి పెట్టుకున్నాను.

"లోపలికి రా. ఇంకాసేపుంటే చెవులు రాలిపోతాయ్. వాటిని ఏరి పెట్టే ఓపిక నాకు లేదు."

వంటింట్లో కూర్చోబెట్టి ఆలుగడ్డ కూరిన కుడుములు వేడి చేసి పెట్టింది. ఫ్రిజ్ తలుపు కనబడకుండా క్రిస్మస్ కార్డులు అంటించి ఉన్నాయి. కాల్గరీ నుంచి, వాంకూవర్ నుంచి, టొరంటో నుంచి. పిల్లల ఫొటోలు, కొత్త ఇళ్ళ ఫొటోలు.

"వీళ్ళందరికీ రాశాను. పంతొమ్మిది ఉత్తరాలు. ఇతను ఇక్కడే ఉంటాడు అని రాసి సంతకం పెట్టాను" అంది.

నేను ఫ్రిజ్ వైపు చూడకుండా కుడుము కొరికాను.

"మంచి పిల్లలే. ఎక్కడున్నా పండక్కి కార్డు పంపిస్తారు."

"నా సంగతి వేరు, మిసెస్ మెల్నిచుక్. నాకు మొదట్నుంచీ ఇక్కడి ఆకాశం..."

"ఆకాశం జోలికి పోకు. పంతొమ్మిది మంది నోట విన్నాను. నేను ఎనభై ఏళ్ళుగా దాని కిందే ఉన్నా, ఒక్కనాడు మెడ ఎత్తి చూసింది లేదు."

కాగితం, కలం తెచ్చుకుని ఎదురుగా కూర్చుంది. ఉంటావా అని అడుగుతుందనుకున్నాను. జవాబు నాలుక చివరే ఉంది. ఆవిడ అడగలేదు.

"నిన్ను అడగను. ఇప్పుడడిగితే నువ్వేం చెబుతావో నాకు తెలుసు, నాకు తెలుసని నీకూ తెలుసు. పొద్దున్నే నీ చేత అబద్ధం ఎందుకాడించడం?" అని తల వంచుకుని రాసింది.

రాసింది మూడే వాక్యాలు. 'ఇతను నా ఇంటి ముందు మంచు తీస్తాడు. అవసరమైతే అదే మంచును రెండుసార్లు తీస్తాడు. బాగా కష్టపడే మనిషి.' కింద సంతకం. ఇక్కడే ఉంటాడు అన్న ముక్క ఎక్కడా లేదు. ఆ ముక్క కలపండి అని అడగడానికి నాకు మొహం చెల్లలేదు.

ఆ ఉత్తరాన్ని ఎవరైనా చదివారో లేదో నాకు తెలియదు. ఏప్రిల్‌లో నామినేషన్ వచ్చింది. కార్డు రావడానికి ఇంకో రెండు చలికాలాలు పట్టింది. ఆ రెండు చలికాలాలూ నేను మంచు తీశాను, పాడాను, ఊడ్చాను, వడ్డించాను. మధ్యలో ఏదైనా ఫోన్ వచ్చి, ఈ మనిషి మంచివాడేనా అని ఎవరైనా అడిగితే ఊరు తడుముకోకూడదు కదా.

పోయిన ఫిబ్రవరిలో కార్డు వచ్చింది.

ఇప్పుడు నా సిద్ధాంతానికి అసలైన రుజువు చూపిస్తాను, జాగ్రత్తగా గమనించండి. కార్డు వచ్చిన మర్నాడు శనివారం. రాత్రంతా మంచు పడింది. నేను తొమ్మిదిన్నరకు లేచాను. కిటికీలోంచి మంచు చూసి, అబ్బ, ఎంత బాగుందో అనుకుని మళ్ళీ దుప్పటి కప్పుకున్నాను. ఆదివారం మూడు చర్చిల్లోనూ నా గొంతు వినబడలేదు. మూడు చోట్లా పాట మెరుగుపడిందని తర్వాత తెలిసింది. కర్లింగ్ బూట్లు రెనాటోకి ఇచ్చేశాను. మ్యూజియంలో మొదటి నాగలి ఎవరిదో చెప్పడానికి వేరే మనిషిని చూసుకోమన్నాను.

చూశారా? పన్నెండు రోజుల్లో ఐదేళ్ళ మంచితనం మంచులా కరిగిపోయింది. ప్రభుత్వం నన్ను అనుమానించినంత కాలం నేను ఊరికి పనికొచ్చాను. నమ్మగానే పనికిమాలినవాడినయ్యాను. తప్పెవరిది? మీరే తేల్చండి.

ఎఫ్రెన్ రోజూ ఫోన్ చేసేవాడు. "కూయా, ఇంకా అక్కడేం చేస్తున్నావ్? గది తుడిపించాను. మంచం కూడా వేయించాను" అనేవాడు. మార్చి రెండో శుక్రవారానికి ట్రక్కు మాట్లాడుకున్నాను. అట్టపెట్టెలు తెచ్చుకున్నాను. మంగళవారం సాయంత్రం, చెప్పి వెళదామని మిసెస్ మెల్నిచుక్ ఇంటికి వెళ్ళాను. ఊరికే చేతులూపుకుంటూ పోలేక, గుడ్లు, పాలు, పంచదార పాకంతో మా అమ్మ చేసే లేచె ఫ్లాన్ చేసి పట్టుకెళ్ళాను. అదే ఇరవయ్యో క్రిస్మస్ కార్డుకు మొదటి వాయిదా అనుకోండి.

చెప్పాల్సిన మాటలు దారి పొడుగునా సిద్ధం చేసుకున్నాను. మీ మేలు మరువలేను. కాల్గరీ ఎంతో దూరం లేదు. పండగలకు వస్తూంటాను.

ఆవిడ తలుపు తీసి, గిన్నె అందుకుని బల్ల మీద పెట్టింది. నడుం ఇంకొంచెం వంగింది. కూర్చోవడానికి బల్ల పట్టుకుంది.

"కార్డొచ్చిందటగా. రెనాటో చెప్పాడు."

"వచ్చింది."

"ఏదీ, చూడనీ."

ఇచ్చాను. అద్దాలు పెట్టుకుని, ముందు వైపు చూసి, తిప్పి వెనక వైపు చూసి, తిరిగి ఇచ్చింది. పోస్టాఫీసులో ఎన్ని వేల కవర్లు అలా తిప్పి చూసి ఉంటుందో.

"ఇంక నిన్నెవరూ పంపించెయ్యలేరు కదా?"

"లేరు."

"నేను ఇంకో ఉత్తరం రాసినా, రాయకపోయినా నీకు వచ్చేదీ లేదు, పోయేదీ లేదు."

"లేదు."

"అయితే ఇప్పుడడగొచ్చు." చేతులు తువ్వాలుకు తుడుచుకుంది. "ఉంటావా, క్రిస్?"

ఐదున్నరేళ్ళలో ఆ ప్రశ్నకు నేను ఏడుసార్లు జవాబు రాశాను. ప్రతిసారీ కింద చిన్న అక్షరాలతో, అబద్ధమైతే ఏం చేస్తారో రాసి ఉండేది. ఈసారి చిన్న అక్షరాలు లేవు. ఇన్ని మాటల్లో రాయాలన్న లెక్క లేదు. ఉండను అంటే ఎవరూ ఏమీ చెయ్యరు. అసలు నేను వచ్చిందే ఆ మాట చెప్పడానికి.

"ఉంటాను" అన్నాను.

ఎందుకన్నానో నాకు తెలియదు. ఐదేళ్ళ అలవాటు అనుకోండి. నోరు జారింది అనుకోండి. ఆకాశం లేదు, నిశ్శబ్దం లేదు, ఆధ్యాత్మిక ప్రశాంతత లేదు. ఒక్క మాట.

అని, ఆవిడ ఎదురుప్రశ్న కోసం ఆగాను. ఎందుకు అంటుందేమో. నిజంగానా అంటుందేమో. కనీసం కళ్ళజోడు పైనుంచి ఒక చూపైనా చూస్తుందేమో. ఒక్కసారి, ఒకే ఒక్కసారి అనుమానించి ఉంటే, లేదు మిసెస్ మెల్నిచుక్, శుక్రవారం ట్రక్కు వస్తోంది అని అప్పుడే చెప్పేసేవాణ్ణి. ఒట్టు.

"సరే" అందావిడ.

అని, కత్తి తెచ్చి ఫ్లాన్ కోసింది. నాకో ముక్క, తనకో ముక్క.

"అయితే మంచు కరిగాక వెనక దొడ్డి సగం నువ్వు తీసుకో. నేనిక వంగలేను. సగంలో ఆలుగడ్డలు వెయ్యి. మిగతా సగంలో మీ దేశం కూరలేవైనా వేసుకో. బతకవనుకో. అయినా వెయ్యి." ఒక చెంచాడు నోట్లో పెట్టుకుంది. "పంచదార ఎక్కువైంది."

ఇది న్యాయమేనా? మీరే చెప్పండి. మనిషితో ఇలాగేనా వ్యవహరించడం?

నన్ను అనుమానించినవాళ్ళకు నేను ఏనాడూ ఏమీ బాకీ పడలేదు. వాళ్ళు నేను అబద్ధం చెబుతాననుకున్నారు, నేను చెప్పాను, ఎవరి దారి వాళ్ళది. కడుపులో చల్ల కదలకుండా నిద్రపోయాను. ఈవిడ ఒక్క కాగితం అడక్కుండా, ఒక్క ఫొటో చూడకుండా నా మాట తీసుకుని లోపల పెట్టేసుకుంది. దాన్ని వెనక్కి తీసుకోవడానికి ఏ ఫారం నింపాలి? ఏ ఆఫీసులో ఇవ్వాలి? ఎన్ని రోజుల్లో తేలుస్తారు?

బుధవారం మిల్లులో బెల్టు తిరగేసి బిగించాను. పప్పు పొట్టులోకి పోయింది, పొట్టు సంచుల్లోకి పోయింది. రెనాటో పరిగెత్తుకొచ్చాడు.

"ఏమైంది కూయా?"

"ఒకావిడ నన్ను నమ్మింది."

వాడి మొహం వెలిగిపోయింది. "ఎవరు? మన చర్చిలోనేనా? ఎన్నేళ్ళుంటాయి?"

"ఎనభై మూడు."

వాడు నా భుజం మీద చెయ్యి వేసి, మిషన్ ఆపేసి పొట్టు ఎత్తడం మొదలుపెట్టాడు.

సాయంత్రం ఎఫ్రెన్‌కి రావడం లేదని చెప్పాను. చాలాసేపు తిట్టాడు. చివరికి, "అసలు ఆ ఊళ్ళో ఏముందని?" అన్నాడు.

ఆ ప్రశ్న మీద నాలుగు పేజీలు రాసినవాణ్ణి. పక్కవాళ్ళకు కూడా రాసిపెట్టినవాణ్ణి. ఒక్క వాక్యం గుర్తు రాలేదు.

"సగం దొడ్డి ఉంది" అన్నాను.

ఇంతదాకా వచ్చాక దాచడమెందుకు. నాకు కావలసింది కార్డేనని ఐదేళ్ళు అనుకున్నాను. దాని కోసం మూడు చర్చిల్లో పాడాను. ఉండిపోతావా అని ఎవరైనా ఒక్కరు, నా వల్ల వాళ్ళకేం పనో, వాళ్ళ వల్ల నాకేం పనో చూసుకోకుండా అడుగుతారేమోనని లోపలెక్కడో కాచుకుని ఉన్నానని నాకే తెలియదు. అడిగారు ఏడుసార్లు, రుజువుతో సహా అడిగారు. ఉండిపో అని మాత్రం ఎవరూ అనలేదు. ఆ సంగతి మంగళవారం దాకా నాకు తట్టలేదు. తట్టాక ఒళ్ళు మండింది. ఎవరి మీదో తెలియలేదు గనక నా మీదే మండిపడ్డాను.

గురువారం ట్రక్కు కంపెనీకి ఫోన్ చేసి వద్దని చెప్పాను. ఒక అమ్మాయి మాట్లాడింది.

"క్యాన్సిల్ చెయ్యడానికి కారణం చెప్పండి సార్."

"నేనొక మాటన్నానమ్మా. అవతలావిడ నమ్మేసింది."

మీటలు నొక్కుతున్న చప్పుడు వినిపించింది.

"సారీ సార్, మా లిస్టులో ఆ కారణం లేదు. ఇతరములు అని వేసుకోనా?"

వేసుకోమన్నాను.